‘సెట్’కు ఎన్ని అర్థాలు? తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో గదులు అద్దెకు తీసుకుని టెట్‌కో, డీఎస్సీకో, గ్రూప్స్‌కో చదువుకుంటున్న తెలుగు మాధ్యమం అభ్యర్థుల కోసం రాసిన పేజీ ఇది. ఇంగ్లీషు తరగతిలో వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఒక మూడక్షరాల పదం గురించి: ఎస్, ఇ, టి. ప్రశ్నలు వాళ్లు అడిగినవే. జవాబులు ఇంగ్లీషు బోధించే మనిషిగా నేను నమ్మి చెప్పేవి.

ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న పదం ‘సెట్’ అంటారు. నిజమేనా?

చాలాకాలం అదే నిజం. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికంటే పొడవైన వివరణ ఈ పదానిదే. క్రియగా మాత్రమే 430కి పైగా అర్థాలు, దాదాపు 60,000 పదాల వివరణ. ఆ తర్వాత కొత్త కూర్పు కోసం పాత పదాలన్నిటినీ తిరగరాస్తున్నప్పుడు ‘రన్’ ముందుకు వచ్చింది. దాని క్రియారూపానికి 645 అర్థాలు తేలాయని 2011లో ప్రకటించారు. సంపాదకుడు పీటర్ గిల్లివర్ ఆ ఒక్క పదం మీద తొమ్మిది నెలలకు పైగా పనిచేశారు. కాబట్టి పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఏ కూర్పు గురించి అడిగారో చూసుకోండి.

ఈ అంకెలను మరీ పట్టించుకోవద్దనే నా మాట. ఒక నిఘంటుకర్త రెండుగా విడదీసిన అర్థాన్ని ఇంకొకరు ఒకటిగానే చూపిస్తారు. మన బల్ల మీదుండే చిన్న నిఘంటువుల్లో ఇదే పదానికి కొన్ని పదుల అర్థాలకు మించి కనిపించవు.

అయితే ఆ 430 అర్థాలూ నేర్చుకోవాలా?

అక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషు మాట్లాడేవాళ్లలో కూడా అన్నీ తెలిసినవాళ్లు ఉండరు. ఆ జాబితాలో చాలా భాగం వాడుక తప్పినవి, ఓడ నడిపేవాళ్లకో అచ్చుపని చేసేవాళ్లకో మాత్రమే పనికొచ్చేవి. పదం లోపలి కీలకం దొరికితే మిగతావి సందర్భాన్ని బట్టి వాటంతట అవే తెలుస్తాయి.

ఇంతకీ ఆ కీలకం ఏమిటి? ఇన్ని అర్థాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఈ ప్రశ్న దగ్గర కొంచెం ఓపిక పట్టండి. ఇది అర్థమైతే సగం పని అయినట్టే.

పాత ఇంగ్లీషులో ‘సిట్టన్’ అంటే కూర్చోవడం, ‘సెట్టన్’ అంటే కూర్చోబెట్టడం. ఇప్పటి ‘సిట్’, ‘సెట్’ ఆ జంటే. ఒకటి తనంతట తాను చేసే పని, ఇంకొకటి ఎదుటిదాని చేత చేయించే పని. ఇలాంటి జంటలు ఇంగ్లీషులో మరికొన్ని మిగిలాయి: ‘లై’ అంటే పడుకోవడం, ‘లే’ అంటే పడుకోబెట్టడం, ‘రైజ్’ అంటే లేవడం, ‘రెయిజ్’ అంటే లేపడం, ‘ఫాల్’ అంటే పడటం, ‘ఫెల్’ అంటే చెట్టును పడగొట్టడం. లోపలి అచ్చు మారితే అర్థం మారుతుంది. ఇలాంటి జంటలు మన భాషలోనూ ఉన్నాయి, మారే తీరు వేరు: లేచు, లేపు, తిరుగు, తిప్పు, దిగు, దించు.

కాబట్టి ‘సెట్’ అంటే మొదట ఒకదాన్ని కూర్చోబెట్టడం. దాని నుంచి ఒక చోట ఉంచడం, ఉన్నచోట కదలకుండా చేయడం, కావలసిన స్థితికి తేవడం, నిర్ణయించడం అని అర్థం పాకుతూ పోయింది. గడియారం ముల్లును ఒక అంకె దగ్గర కూర్చోబెడితే అలారం. పెళ్లిని ఒక తేదీ మీద కూర్చోబెడితే ముహూర్తం. ఉంగరంలో రాయిని కూర్చోబెడితే పొదగడం.

ఈ పొదగడం గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. తెలుగులో కంసాలి రత్నాన్ని పొదుగుతాడు, కోడి గుడ్లను పొదుగుతుంది. ఇంగ్లీషులోనూ రాయిని పొదగడం ‘సెట్’ చేయడమే, కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టడమూ ‘సెట్’ చేయడమే. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు భాషలు ఒకే చూపుతో లోకాన్ని చూసిన చోటు ఇది.

మూలం ఇంకా లోతుగా ఉంది. ‘సిట్’, ‘సెట్’, ‘సీట్’, ‘సెటిల్’ అన్నీ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. అదే ధాతువు సంస్కృతంలో ‘సద్’. దాని నుంచి వచ్చినవే సదనం, సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు. పరిషత్తు అంటే చుట్టూ కూర్చున్నవారి సభ. మీలో చాలామంది చదివింది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో. మీ బడి బోర్డు మీదున్న ‘పరిషత్’కు, ఇప్పుడు మిమ్మల్ని భయపెడుతున్న ‘సెట్’కు చుట్టరికం ఉంది. ఇంగ్లీషు మనకు పూర్తిగా పరాయిదని అనుకునే పిల్లలకు నేను ముందు చెప్పే విషయం ఇదే.

మరి గుంపు అనే అర్థం? టీ కప్పుల సెట్‌లో కూర్చోబెట్టడం ఏముంది?

అది వేరే దారిలో వచ్చింది. లాటిన్‌లో ‘సెక్టా’ అంటే ఒక మార్గాన్ని అనుసరించేవాళ్లు. పాత ఫ్రెంచి మీదుగా అది ఇంగ్లీషులోకి ‘సెట్’గా చేరింది. మత శాఖను సూచించే ‘సెక్ట్’ దీనికి తోబుట్టువు. ఉచ్చారణ ఒక్కటే కావడంతో కాలం గడిచేకొద్దీ రెండు పదాలూ కలిసిపోయాయి. అర్థాలు ఇంతగా పెరగడానికి ఈ కలయిక కూడా ఒక కారణం.

ఈ అర్థం మనకు కొత్తది కాదు. మోటారు, పంపు కలిస్తే పంపుసెట్టు. ఇంజనూ ఆల్టర్నేటరూ కలిస్తే జనరేటర్ సెట్. వరంగల్ మీదుగా వెళ్లే వందే భారత్ రైలుకు విడిగా ఇంజను ఉండదు, పెట్టెలన్నీ కలిసి ఒకే యూనిట్‌గా నడుస్తాయి. అందుకే దాన్ని ట్రైన్‌సెట్ అంటారు. వేర్వేరు భాగాలు కలిసి ఒక పని చేస్తే అది సెట్ అని గుర్తుంచుకుంటే చాలు.

తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు ఇన్ని అర్థాలున్న పదం పట్టుబడుతుందా?

తప్పకుండా. ఎందుకంటే అలాంటి పదాన్ని మీరు మాటలు నేర్చినప్పటి నుంచీ వాడుతున్నారు: ‘పెట్టు’.

అలారం పెట్టడం, ముహూర్తం పెట్టడం, పరీక్ష పెట్టడం, గడువు పెట్టడం, షరతు పెట్టడం, నిప్పు పెట్టడం, ఎలుకకు బోను పెట్టడం, ఒక ఊళ్లో అడుగు పెట్టడం, లక్ష్యం పెట్టుకోవడం. ఒక్కొక్కటీ మళ్లీ చదవండి. వీటన్నిటికీ ఇంగ్లీషులో ‘సెట్’ సరిపోతుంది. ఎవరూ మీకు ‘పెట్టు’ అర్థాల జాబితా ఇచ్చి బట్టీ పట్టించలేదు. పక్కన ఏ మాట ఉందో చూసి మీకు మీరే గ్రహించారు. ‘సెట్’ను నేర్చుకోవలసిన దారి కూడా అదే.

అయితే ఈ పోలిక అన్నిచోట్లా చెల్లదు. అన్నం పెట్టడానికి, బొట్టు పెట్టడానికి, పేరు పెట్టడానికి, ముద్దు పెట్టడానికి, డబ్బు ఖర్చు పెట్టడానికి ‘సెట్’ పనికిరాదు. కోడి గుడ్డు పెట్టడానికీ పనికిరాదు, అక్కడ ‘లే’ వాడాలి. మరోవైపు, పాటకు బాణీ కట్టడం, రికార్డు నెలకొల్పడం, విరిగిన ఎముకను సరిచేసి కట్టు వేయడం తెలుగులో ‘పెట్టు’తో చెప్పం, ఇంగ్లీషులో ‘సెట్’తోనే చెబుతారు. సరిపోయేవి ఒకవైపు, సరిపోనివి ఒకవైపు రాసుకోండి. రెండో వైపే పరీక్షలో మార్కులు తెస్తుంది.

సూర్యుడు, సిమెంటు, పెరుగు: ఈ మూడింటికీ ఒకే క్రియ ఎలా వాడతారు?

కూర్చోబెట్టడం అనే అర్థం కొన్నిచోట్ల తిరిగి కూర్చోవడంలోకి మారింది. సూర్యుడు దిగి కుదురుకుంటే అస్తమయం. మెత్తగా, పల్చగా ఉన్నది కదలకుండా కుదురుకుంటే అదీ ‘సెట్’ కావడమే.

తెలుగు ఇక్కడ ఒక్కో వస్తువుకు ఒక్కో మాట దాచుకుంది. పొద్దు గూకుతుంది, సిమెంటు గట్టిపడుతుంది, పెరుగు తోడుకుంటుంది, బట్టకు రంగు పడుతుంది, మామిడి పూత నిలిచి పిందె కడుతుంది. వీటన్నిటికీ ఇంగ్లీషు ఒక్క ‘సెట్’తో సరిపెట్టుకుంటుంది. ఇంగ్లీషు సంపన్నం, తెలుగు పేద అనేవాళ్లకు ఈ వరుస చదివి వినిపించండి. పాల దుకాణంలో పెరుగు కప్పు మీద ‘సెట్ కర్డ్’ అని ఉంటే, ఆ కప్పులోనే తోడువేశారని అర్థం.

సిమెంటు గురించి ఇంజినీరింగ్ అభ్యర్థులు ప్రత్యేకంగా అడుగుతుంటారు. సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు భారతీయ ప్రమాణాల ప్రకారం తొలి సెట్టింగ్ సమయం 30 నిమిషాలకు తగ్గకూడదు, తుది సెట్టింగ్ సమయం 600 నిమిషాలు దాటకూడదు. సెట్ కావడమంటే మెత్తదనం పోయి బిగుసుకోవడం మాత్రమే. బలం రావడం వేరు, అందుకే కాంక్రీటు బలాన్ని సాధారణంగా 28 రోజుల తర్వాత కొలుస్తారు. ఇంగ్లీషులోనూ ఆ రెండు దశలకు రెండు వేర్వేరు మాటలున్నాయి, కలపవద్దు.

గణితంలో ‘సెట్’ను ‘సమితి’ అని ఎందుకన్నారు?

సునిర్వచితమైన వస్తువుల సముదాయం సమితి అని పదో తరగతిలో చదువుకున్నారు. జార్జ్ కాంటర్ 19వ శతాబ్దంలో ఈ సిద్ధాంతాన్ని జర్మన్‌లో నిర్మించాడు. ఆయన వాడిన మాట ‘మెంగె’, రాశి అని చెప్పుకోవచ్చు. ఇంగ్లీషువాళ్లు దాన్ని ‘సెట్’ అన్నారు, మనం ‘సమితి’ అన్నాం. సమితి అంటే కలిసి రావడం.

మన మాటకూ పని తక్కువేమీ కాదు. మండలాలు రాకముందు పంచాయతీ సమితులు ఉండేవి, రాజకీయ పార్టీలకు సమితి అనే పేరుంది, ఐక్యరాజ్య సమితి ఉంది. పాఠం చదువుతున్న పిల్లవాడు వీటిలో దేనితోనూ గణిత సమితిని కలిపి తికమకపడడు.

ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్), ఐసెట్, ఎడ్‌సెట్‌లలో ఉన్నది ఈ ‘సెట్’ కాదా?

కాదు. అక్కడ అక్షరాలు సి, ఇ, టి. ఉమ్మడి ప్రవేశ పరీక్షకు ఇంగ్లీషు పొడి అక్షరాలు. మన కాకతీయ విశ్వవిద్యాలయం పలు సంవత్సరాలు నిర్వహించిన ఐసెట్ కూడా అంతే. అయితే కాగితం మీద జరిగే పరీక్షల ప్రశ్నపత్రం మీద ఏ, బి, సి, డి అని ఉండే సెట్ మాత్రం మనదే. ప్రశ్నపత్రం తయారుచేసే వ్యక్తిని పేపర్ సెటర్ అంటారు, అదీ మనదే.

భూతకాలంలో ‘సెట్టెడ్’ అని రాయవచ్చా?

రాయకూడదు. మూడు రూపాలూ ‘సెట్’ అనే ఉంటాయి. ‘కట్’, ‘పుట్’, ‘హిట్’ లాగా.

ఇందులో ఒక ఉపయోగం ఉంది. వాక్యంలో కర్త ‘హి’ లేదా ‘షి’ అయి, ‘సెట్’ చివర ఎస్ లేకపోతే అది భూతకాలమే. వర్తమానంలో అయితే ‘సెట్స్’ అని ఉండాలి. పరీక్షలో కాలం గుర్తించమని అడిగినప్పుడు ఈ ఒక్క అక్షరం చూడండి. ‘సెట్టింగ్’లో టి రెండుసార్లు వస్తుంది, అది మరవద్దు.

‘సెట్’ పక్కన చిన్న పదం చేరితే అర్థం ఎందుకు మారిపోతుంది?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఆ చిన్న పదం దిశ చూపిస్తుంది. దిశ మారితే పనీ మారుతుంది.

‘సెట్ అప్’ అంటే నెలకొల్పడం. ఇప్పటి వరంగల్ ఎన్‌ఐటీని 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా, కాకతీయ విశ్వవిద్యాలయాన్ని 1976లో నెలకొల్పారు. ఈ రెండు వాక్యాలనూ ఇంగ్లీషులో ‘సెట్ అప్’తో రాసి చూడండి. ‘సెట్ అవుట్’ అంటే ఒక ఉద్దేశంతో బయలుదేరడం. కారణాలను ఒక్కొక్కటిగా వివరించడానికీ అదే మాట. ‘సెట్ ఇన్’ అంటే మొదలై కొంతకాలం నిలిచే సూచన ఉండటం: రుతుపవనాలు, చలి, రోగం, కుళ్లు. మంచి విషయాలకు ఇది అరుదుగా వస్తుంది.

‘సెట్ బ్యాక్’ గురించి ఇల్లు కట్టుకున్నవాళ్లను అడగండి. నగరపాలక సంస్థ అనుమతికి ప్లాను ఇచ్చేటప్పుడు ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలమే సెట్‌బ్యాక్. గోడను హద్దు నుంచి వెనక్కి జరిపి కూర్చోబెట్టడం. మనిషి పనులు వెనక్కి జరిగితే అదే మాటకు ఎదురుదెబ్బ అని అర్థం.

‘సెట్ ఆఫ్’కు మూడు ముఖాలున్నాయి. బయలుదేరడం ఒకటి. బాణసంచా పేల్చడం, అలారం మోగేలా చేయడం రెండోది. మూడోది లెక్కలది: ఒకచోట వచ్చిన నష్టాన్ని ఇంకొకచోట వచ్చిన లాభంలో సర్దుబాటు చేయడం. ఆదాయపు పన్ను పాఠంలో ఇది వస్తుంది. న్యాయశాస్త్రంలోనూ వస్తుంది: విచారణకాలంలో జైల్లో గడిపిన రోజులను శిక్షలో మినహాయించడాన్ని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 428వ సెక్షన్ ‘సెట్ ఆఫ్’ అంది.

‘సెట్ అసైడ్’ అంటే దాచిపెట్టడమా, కొట్టివేయడమా?

రెండూ. ఎవరు అంటున్నారన్నదే ముఖ్యం. ఇంట్లో పిల్లల ఫీజు కోసం డబ్బు ‘సెట్ అసైడ్’ చేశారంటే విడిగా తీసి దాచారని. కింది కోర్టు తీర్పును హైకోర్టు ‘సెట్ అసైడ్’ చేసిందంటే దాన్ని రద్దు చేసిందని. ఇంగ్లీషు పత్రికలో ఈ మాట చూసి, తీర్పును వాయిదా వేశారనో భద్రపరిచారనో అనుకునే పాఠకులు చాలామంది. భూమి తగాదాల్లో కోర్టుకు వెళ్లే కుటుంబాల పిల్లలు ఇంట్లోవాళ్లకు కాగితం చదివి చెప్పవలసి వస్తుంది. అందుకే ఈ ఒక్క అర్థాన్ని ప్రతి విద్యార్థీ కచ్చితంగా నేర్చుకోవాలని నేను పట్టుబడతాను.

మనం తెలుగులో ‘సెట్ అయింది’ అంటాం. ఇంగ్లీషులో అలాగే చెప్పవచ్చా?

చాలాసార్లు కుదరదు. చీర రంగు నాకు సెట్ కాలేదు అనేచోట ఇంగ్లీషులో ‘సూట్’ వాడాలి. ఉద్యోగం వచ్చి జీవితం సెట్ అయింది అనేచోట ‘సెటిల్’ దగ్గరగా ఉంటుంది. సంబంధం సెట్ అయింది అనేది మన తెలుగు వాడుక, దాన్ని పరీక్షలో ఇంగ్లీషు వాక్యంగా రాయవద్దు. తెలుగులో మాట్లాడేటప్పుడు మాత్రం తప్పేమీ లేదు. అరువు తెచ్చుకున్న మాటకు కొత్త పని అప్పగించే హక్కు ప్రతి భాషకూ ఉంది.

వాలీబాల్‌లో సెట్ అంటే ఆట భాగమా, బంతిని లేపడమా?

రెండూ. 25 పాయింట్ల వరకు సాగేది ఒక సెట్, అయిదో సెట్ మాత్రం 15 పాయింట్లకు. తోటి ఆటగాడు స్మాష్ కొట్టడానికి వీలుగా బంతిని పైకి అందించడం ఇంకో సెట్, ఆ పని చేసేవాడు సెటర్. టెన్నిస్‌లో ఆరు గేములు, కనీసం రెండు తేడాతో గెలిస్తే సెట్. ఆరు ఆరు అయితే టైబ్రేక్.

‘ఆసెట్’, ‘అప్‌సెట్’, ‘ఆఫ్‌సెట్’లలో కూడా ఇదే పదం ఉందా?

‘ఆసెట్’లో లేదు. ఆస్తి అనే అర్థమున్న ఆ మాట ‘చాలినంత’ అనే అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి వచ్చింది. అప్పులు తీర్చడానికి చాలినంత ఉన్నదే ఆస్తి అన్నమాట. మిగతా రెండింటిలో ఉంది. ‘అప్‌సెట్’ మొదట నిలబెట్టడం అనే అర్థంలో ఉండి, తర్వాత తలకిందులు చేయడంగా మారింది. ‘ఆఫ్‌సెట్’ ముద్రణలో అక్షరం నేరుగా కాగితం మీద పడదు, ముందు రబ్బరు దుప్పటి మీద పడి, దాని నుంచి కాగితం మీదికి దిగుతుంది.

చివర రెండు ‘టి’లతో ‘సెట్’ కనిపించింది. అచ్చుతప్పా?

కాదు, అదీ ఒక మాటే, ఇదే కుటుంబానిది. మన ప్రాంతానికి చాలా దగ్గరది కూడా. చెరకు నాటేటప్పుడు వాడే ముచ్చెను, అంటే చెరకు ముక్కను, ఇంగ్లీషు వ్యవసాయ పుస్తకాల్లో రెండు టిలతో రాస్తారు. బోధన్ వైపు రైతుల పిల్లలకు ఇది వెంటనే తెలుస్తుంది. నేతలో అంగుళానికి ఎన్ని పడుగు పోగులు ఉన్నాయో చెప్పే లెక్కకూ అదే పేరు, కొత్తవాడ జంపఖానాల గురించి ఇంగ్లీషులో రాసేవారికి అవసరమవుతుంది. బాటకు పరిచే నలుచదరపు రాతి దిమ్మెకూ అదే మాట. కరీంనగర్ గ్రానైట్ వ్యాపారంలోకి వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఏ నిఘంటువు చూడాలి?

అర్థం కంటే ఉదాహరణ వాక్యాలు ఎక్కువ ఇచ్చేది. విద్యార్థుల కోసం తయారుచేసిన ఇంగ్లీషు నిఘంటువు ఏదైనా సరే. తెలుగు మాటల కోసం ఆంధ్రభారతి వెబ్‌సైటులో బ్రౌన్, శంకరనారాయణ నిఘంటువులను ఒకేచోట వెతకవచ్చు. పాత తెలుగు పుస్తకాల మధ్య కూర్చుని చదువుకోవాలంటే హనుమకొండలో 1904లో స్థాపించిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది.

నోటుపుస్తకంలో పదం, ఎదురుగా అర్థం అని రాయడం మానేయండి. పదంతో పాటు పక్కనున్న మాటను కూడా రాయండి: అలారంతో, ధరతో, రికార్డుతో, నిప్పుతో. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో జెండా పాట (వేలం) తర్వాత మిర్చి ధర ఖరారైందన్న వార్తను తెలుగులో చదివి, అదే వార్తను ఇంగ్లీషు పత్రికలో వెతకండి. ధర పక్కన ఏ క్రియ ఉందో చూడండి. తెలిసిన విషయం మీద చదివిన ఇంగ్లీషు త్వరగా వంటబడుతుంది.

‘సెట్’ తర్వాత ఏ పదం పట్టుకోవాలి?

‘రన్’. దానికి తోడుగా తెలుగు ‘నడుచు’, ‘నడుపు’ పక్కన పెట్టుకోండి. మన దగ్గర దుకాణం, బడి, బస్సు, సినిమా అన్నీ నడుస్తాయి. ఇంగ్లీషులో అవన్నీ పరుగెత్తుతాయి. ముక్కు కారడానికి, ఉతికినప్పుడు రంగు దిగడానికి కూడా ‘రన్’ వస్తుంది. ఎన్నికల్లో పోటీ చేయడానికి అమెరికావాళ్లు ‘రన్’ అంటారు, బ్రిటన్‌వాళ్లు ‘స్టాండ్’ అంటారు. సర్పంచిగా నిలబడ్డాడు అనే మనం ఆ విషయంలో బ్రిటన్ పక్షం.